నాన్నకి లివర్ మార్పిడి చేయలేమన్నారు. ఆయనకి ఎలా చెప్పాలి?

గౌతమి_తీరం
సోమవారం, రాత్రి 11:20

నాన్నకి 66. అమలాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీవితంలో మందు ముట్టలేదు. అయినా లివర్ పోయింది. ఏళ్ల తరబడి షుగరు, ఫ్యాటీ లివర్, అక్కణ్ణుంచి సిరోసిస్. ఈ ఏడాది పొట్టలో నీరు చేరడం మొదలైంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో మార్పిడి కోసం పరీక్షలన్నీ చేయించాం. దాతని నేనే. బ్లడ్ గ్రూపు కలిసింది, సీటీలో నా లివర్ సైజు కూడా సరిపోయింది. మా అత్తగారు కూడా ఒప్పుకున్నారు (దానికో పెద్ద కథ ఉంది, ఇప్పుడొద్దు).

శుక్రవారం అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి, చేయలేమన్నారు. గుండె మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులున్నాయట. పంపింగ్ 35 శాతమట. బైపాస్ చేద్దామంటే ఈ లివర్‌తో తట్టుకోలేరు. స్టెంట్లు వేద్దామంటే ఆ తర్వాత రక్తం పల్చబడే మందులు వాడాలి, నాన్నకేమో ప్లేట్‌లెట్లు నలభై వేలు, ఆహారనాళంలో ఉబ్బిన సిరలు, రక్తం కారితే ఆగదు. పైగా కండ బాగా తగ్గిపోయింది. 'టేబుల్ మీదే పోయే ప్రమాదం ఎక్కువమ్మా, మా టీమంతా కలిసి తీసుకున్న నిర్ణయం' అన్నారు.

నాన్న ఆ గదిలో లేరు. బయట వీల్‌చైర్లో పేపరు చదువుకుంటున్నారు. అమ్మ బయటికొచ్చి 'ఇంకాస్త బలం రావాలట, అప్పుడు చేస్తారట' అనేసింది. ఇప్పుడు ఆయన ఆ మాట నమ్మి పొద్దున్నే రెండు గుడ్లు తింటున్నారు, డాబా మీద నడుస్తున్నారు. నాకు చూడబుద్ధి కావడం లేదు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. చెన్నై వెళ్దాం, ఢిల్లీ వెళ్దాం అని రోజూ రాత్రి ఫోను. బాబాయి ఏమో 65 దాటింది కాబట్టే పక్కన పెట్టారంటాడు.

నాకు ఎవరి మీద కోపమో కూడా తెలియడం లేదు. ఇవ్వడానికి మనిషిని నేను రెడీగా ఉన్నాను కదా. ఎవరైనా ఇది దాటి వచ్చినవాళ్ళుంటే చెప్పండి.


సాయి_తుని
సోమవారం, రాత్రి 11:52

అక్కా, చెప్పొద్దు. మా నాన్నకి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. మార్పిడి కుదరదని డాక్టరు ఆయన ముందే అనేశాడు. ఆ రోజు నుంచి తిండి మానేశారు. మందులిస్తే 'ఎందుకురా' అనేవారు. మీ అమ్మగారు చేసిందే కరెక్టు.


రాత్రి_డ్యూటీ
మంగళవారం, తెల్లవారుజాము 4:35

విశాఖలో ట్రాన్స్‌ప్లాంట్ ఐసీయూలో నర్సుని. మీ ఆసుపత్రి కాదు, మీ నాన్నగారి ఫైలు నేను చూడలేదు. అందుకని మామూలుగా ఎలా జరుగుతుందో చెప్తాను.

ముందు మీ బాబాయిగారి సంగతి. వయసు 65 దాటితే అవయవం కోసం పేరు నమోదు చేసుకోకూడదన్న నిబంధనని కేంద్రం 2023లోనే తీసేసింది. వేరే రాష్ట్రం వాళ్ళు నమోదు చేసుకోకూడదన్న షరతూ అప్పుడే పోయింది. కాబట్టి వట్టి వయసు చూసి కాదు. వయసుతో పాటు వచ్చిన గుండె జబ్బు చూసి.

'ఇవ్వడానికి నేను రెడీగా ఉన్నాను కదా' అన్నారు. లివర్ ఆపరేషన్‌లో అందరం ఊపిరి బిగబట్టే ఘట్టం ఒకటుంది. కొత్త లివర్ కుట్టేసి, క్లాంపులు తీసి, దానిలోకి రక్తం వదిలే నిమిషాలు. ఐస్‌లో ఉన్న లివర్‌లోంచి చల్లటి రక్తం, పొటాషియం, ఆమ్లాలు ఒక్కసారిగా గుండెకి చేరతాయి. బీపీ పడిపోతుంది. గట్టి గుండె ఉన్నవాళ్ళకే మందులు ఎక్కించి నిలబెడతాం. పంపింగ్ 35, మూడు నాళాల్లో బ్లాకులు అంటే ఆ నిమిషాలు దాటడం చాలా కష్టం. మత్తు డాక్టరు ఒప్పుకోకపోవడానికి సాధారణంగా అదే కారణం. జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) ద్వారా చనిపోయిన దాత లివర్ దొరికినా ఇదే సమస్య. దాత ఎవరన్నది కాదు కదా ఇక్కడ అడ్డం.

ఇంకోటి, మీకు నచ్చకపోవచ్చు. టేబుల్ మీద మీరు కూడా ఉంటారు. లివర్‌లో కుడి భాగం (లోబ్) ఇచ్చే దాత ప్రాణాలు పోయే ప్రమాదం ఐదు వందల్లో ఒకరి నుంచి రెండు వందల్లో ఒకరి దాకా ఉంటుందని దాతలకి చెప్తాం. నాన్నగారు బతికే అవకాశం బాగా ఉన్నప్పుడే ఆ రిస్కుకి అర్థం. ఆయన గట్టెక్కరని తెలిసీ మిమ్మల్ని కోయడానికి ఏ టీమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

కుదరదన్న ప్రతిదీ శాశ్వతం కాదు, అది కూడా చెప్పాలి. ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గాక మళ్ళీ చూస్తారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ సగటు 35 కంటే ఎక్కువుంటే మందులు వాడి, దిగాక మళ్ళీ కొలుస్తారు. లివర్‌లో క్యాన్సర్ గడ్డ కొంచెం పెద్దదైతే దాన్ని కుదించి మళ్ళీ చర్చకి పెడతారు. కండ లేకపోతే తిండి, వ్యాయామంతో కొంత పెంచొచ్చు. మీ డాక్టర్లని సూటిగా ఒక ప్రశ్న అడగండి: 'ఏది మారితే మీ నిర్ణయం మారుతుంది?' ఏదో ఒకటి చెప్తే దాని మీద పని చేయొచ్చు. ఏదీ లేదంటే అదీ తెలుస్తుంది. కారణం కాగితం మీద రాసిమ్మనండి. ఇస్తారు.


గౌతమి_తీరం
మంగళవారం, ఉదయం 9:10

అడుగుతాను. థాంక్యూ. రాత్రంతా డ్యూటీ చేసి ఇంత రాశారు.

మరి అన్నయ్యకి ఏం చెప్పాలి? రెండో అభిప్రాయం తీసుకోవద్దంటే నేను నాన్నని వదిలేస్తున్నానంటాడు.


రాత్రి_డ్యూటీ
మంగళవారం, మధ్యాహ్నం 2:15

తీసుకోండి, ఒక్కటి. మనిషిని తిప్పకుండా. యాంజియోగ్రామ్ సీడీ, ఎకో వీడియో, సీటీ డిస్కు, ఎండోస్కోపీ రిపోర్టు, రక్తపరీక్షలన్నీ ఒకే ఫైలుగా పెట్టి పంపండి. వీడియో కన్సల్టేషన్ చాలాచోట్ల ఇస్తున్నారు. రిపోర్టు కాగితం ఒక్కటే పంపితే 'పేషెంటుని తీసుకురండి' అంటారు, అది గుర్తుంచుకోండి. సీడీలు కావాలి. సెంటరు ఎంచుకునేటప్పుడు ఎక్కువ ఆపరేషన్లు చేసేచోటు, గుండె సర్జరీ కూడా అదే ప్రాంగణంలో ఉన్నచోటు చూడండి. వాళ్ళూ ఇదే చెప్తే అక్కడితో ఆపండి. నాలుగో అభిప్రాయం కోసం అంబులెన్సులో చెన్నై వెళ్ళి, దారిలోనే ఇన్‌ఫెక్షన్ తెచ్చుకుని మా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను.


వరంగల్_వాసు
మంగళవారం, రాత్రి 8:40

మీ పోస్టులో 'మందు ముట్టలేదు' అని మొదటి నాలుగు లైన్లలోనే ఉంది. తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో ఆ మాట అనే అదృష్టం లేకపోయింది, అంతే.

మా నాన్న తాగేవాడు. ఆర్టీసీలో డ్రైవరు, డ్యూటీ దిగాక సీసా. లివర్ పోయింది. మార్పిడి గురించి అడిగితే ఆరు నెలలు మానేసి రమ్మన్నారు. మూడో నెలలో పోయాడు. బంధువులు పరామర్శకొచ్చి 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అన్నారు, మా అమ్మ ముందే. నాకూ ఆయన మీద కోపమే. ఆయన కోసం ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించేది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఆరు నెలల రూలు రాయి మీద గీత కాదట. 2011లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు కొంతమందిని జాగ్రత్తగా ఎంచుకుని, ఆగకుండా మార్పిడి చేస్తే చాలామంది బతికారు. ఇప్పుడు కొన్ని సెంటర్లు కుటుంబం తోడు, మానసిక వైద్యుడి రిపోర్టు చూసి ముందే చేస్తున్నాయి. అది తెలిశాక కోపం తగ్గలేదు, ఇంకోవైపు తిరిగింది. ఏం చేస్తాం.

మీకు చెప్పొచ్చేదేంటంటే, కోపం ఎవరి మీదో తేల్చుకోవాల్సిన పని లేదు. ఉండనీయండి. అన్నం తినండి, నిద్రపోండి.


ప్రకృతి_వైద్యం
మంగళవారం, రాత్రి 9:05

ఇంగ్లీషు డాక్టర్లు చేతులెత్తేసిన కేసులు ఎన్నో బాగయ్యాయి. నేల ఉసిరి పసరు పరగడుపున, తిప్పతీగ కషాయం రాత్రి. మండలం రోజులు. ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్టు లేదు.


రాత్రి_డ్యూటీ
మంగళవారం, రాత్రి 9:30

దయచేసి ఇవ్వకండి. కోవిడ్ తర్వాత తిప్పతీగ కషాయాలు తాగి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై వైద్యులు 2021లో వైద్యపత్రికలో రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, వివాదం ఉంది. కానీ ఇప్పటికే చివరి దశలో ఉన్న లివర్ మీద ఆ వివాదం తేల్చుకోవద్దు. అలాగే మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా వద్దు, కిడ్నీలు ఆగిపోతాయి. నిద్ర మాత్రలూ వద్దు. జ్వరానికి పారాసెటమాల్ రోజుకి రెండు గ్రాములు దాటకుండా, అదీ డాక్టర్ని అడిగాకే.


[ఇక్కడ 'దాత, ఆపరేషన్ రెండూ మేమే చూసుకుంటాం' అంటూ ఫోను నంబరుతో వచ్చిన ఒక సందేశం తీసేశాం. అవయవాలు అమ్మడం, కొనడం, మధ్యవర్తిత్వం చేయడం నేరం. 1994 అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. ఇలాంటి మెసేజ్ ఎవరికైనా విడిగా వస్తే మాకు చెప్పండి. – నిర్వాహకులు]


శాంతమ్మ_నరసాపురం
బుధవారం, ఉదయం 6:50

అమ్మాయీ, మా ఆయనకి కిడ్నీలకి ఇలాగే కుదరదన్నారు. నేను మీ అమ్మ స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి ఆవిడ తరఫున మాట్లాడతా.

మీ అమ్మ అబద్ధం ఆయన కోసం చెప్పిందనుకుంటున్నావు. సగం తనకోసం చెప్పుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ముఖం చూస్తూ ఆ మాట ఎలా అంటుంది? ఆ గదిలోంచి బయటికొచ్చి పది అడుగులు వేసేలోపు ఏదో ఒకటి అనాలి కదా, నోటికొచ్చింది అనేసింది. ఆవిడని తప్పుపట్టకు. ముందు ఆవిడని ఒక్కదాన్నే ఎక్కడికైనా తీసుకెళ్ళి కూర్చోబెట్టు. గుడికో, ఆవిడ చెల్లెలింటికో. ఏడవనీ.

నాన్నకి ఎప్పుడు చెప్పాలన్నది తర్వాత. ఆవిడ సిద్ధపడకుండా నువ్వు చెప్పేస్తే భార్యాభర్తల మధ్య నువ్వు దూరినట్టవుతుంది. ఆ మాట పడితే ఆయన పోయాక కూడా మిగులుతుంది.

ఇంకో సంగతి, చెప్తే తప్పుగా అనుకోకు. మీ అమ్మ మందులు ఎవరైనా చూస్తున్నారా? బీపీ మాత్రలు వేసుకుంటోందా? మా ఆయన డయాలసిస్‌లో ఉండగా నేను కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు గానీ నా సంగతి ఎవరికీ గుర్తుకురాలేదు.


సోంపేట_శీను
బుధవారం, మధ్యాహ్నం 1:20

మాది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా తేల్చి చెప్పలేకపోయారు. అమ్మకి కిడ్నీలు పోయాక పిన్ని ఇస్తానంది. పరీక్షలు చేస్తే పిన్ని క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) కూడా ఎక్కువే. తనకి ఆ రోజే తెలిసింది. మా ఊళ్ళలో ఇది మామూలే, ఇంట్లో ఒకరికి దాత కోసం వెతికితే ఇంకో పేషెంటు బయటపడతారు. తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చింది, ఇక మార్పిడి మాటే ఎత్తలేదు.

మీకూ మాకూ తేడా ఉంది, తెలుసు. కిడ్నీకి మిషనుంది, లివర్‌కి అలాంటిది లేదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మొదట్లో విశాఖ దాకా పోయేవాళ్ళం. ఇప్పుడు దగ్గర్లోనే అవుతోంది, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి కూడా తెరిచారు. డయాలసిస్ పెన్షన్ నెలకి పదివేలు ఇంటికొస్తుంది. ఇవి లేకపోతే మా లాంటోళ్ళ పని అయిపోయేది.

అమ్మకి మేం చెప్పలేదు, దాచనూ లేదు. డయాలసిస్ సెంటర్లో పక్క మంచాల వాళ్ళు ఒకరితో ఒకరు అన్నీ మాట్లాడుకుంటారు. ఎవరికి వచ్చింది, ఎవరికి కుదరలేదు, ఎవరు ఈ వారం రాలేదు. అమ్మకి మాకంటే ఎక్కువ తెలుసు. ఒకరోజు నన్ను పిలిచి 'నా పేరు మీదున్న జీడితోట నీ చెల్లి పేరున రాయించు' అంది. నేను వద్దన్నా వినలేదు. ఆ తోట గొడవతో నేనూ చెల్లీ మాట్లాడుకోక చాన్నాళ్ళయింది, ఆ రిజిస్ట్రేషన్ రోజు కలిసి భోంచేశాం. మీ నాన్నగారికి కూడా చేయాల్సిన పనులేవో ఉండే ఉంటాయి. అవి చేసుకునే టైము ఆయనకి దక్కాలి, అందుకైనా చెప్పాలని నా అభిప్రాయం.


సాయి_తుని
బుధవారం, మధ్యాహ్నం 1:45

శీను గారూ, మీ అమ్మగారికి మిషనుంది, రోజులున్నాయి. ఆస్తులు రాయించుకోవడం కోసం మనిషికి చావు కబురు చెప్పడమేంటండీ.


సోంపేట_శీను
బుధవారం, మధ్యాహ్నం 2:02

తమ్ముడూ, నేను రాయించమని అడగలేదు. ఆవిడే అడిగింది.


గౌతమి_తీరం
శనివారం, రాత్రి 10:30

గొడవ పడకండి, ఇద్దరి మాటా నాకు పనికొచ్చింది. జరిగింది చెప్తాను.

నర్సు గారు చెప్పినట్టే అడిగాను. 'గుండె పంపింగ్ బాగుపడితే తప్ప మారదు, ఈ పరిస్థితిలో బాగుపడుతుందని మేం అనుకోవడం లేదు' అని రాసిచ్చారు. అన్నయ్య సీడీలన్నీ ఇంకో సెంటరుకి పంపించాడు. అక్కడి డాక్టరు అన్నయ్యతో చాలాసేపు మాట్లాడారట. వాళ్ళదీ అదే మాట. అన్నయ్య ఫోన్లో ఏమీ మాట్లాడలేదు, కాసేపు ఊరికే ఉండి పెట్టేశాడు.

అమ్మని శాంతమ్మ గారు చెప్పినట్టు పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను. అక్కడ తనే అంది, 'డాక్టరుగారినే చెప్పమందాం, నేను పక్కన కూర్చుంటా' అని.

నిన్న కన్సల్టేషన్. డాక్టరు గారు ముందు నాన్ననే అడిగారు, 'మాస్టారూ, మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది? అన్నీ చెప్పమంటారా, మీ అమ్మాయికి చెప్తే చాలా?' అని. ఇలా అడగొచ్చని నాకు తట్టనే లేదు. నాన్న 'అన్నీ' అన్నారు. తర్వాత అంకెలు అడిగారు. పంపింగ్ మామూలుగా ఎంతుండాలి, నాకెంతుంది, నాలాంటివాళ్ళు వందమందికి చేస్తే ఎంతమంది లేస్తారు. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఎన్నాళ్ళు అని అడిగితే మాత్రం 'నెలలు అనుకుందాం, ఇన్ని అని చెప్పను' అన్నారు.

ఇంటికొచ్చాక మా మీద విరుచుకుపడ్డారు. 'నా పేపరు నాకంటే ముందు మీరెలా చూస్తారు? వారం రోజులు నా చేత గుడ్లు తినిపించారు' అని. అమ్మతో ఇవాళ మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. సాయి గారూ, తిండి మాత్రం మానలేదు, ఇప్పటికైతే. నాతో సాయంత్రం 'నీ పొట్ట కోయించడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు' అన్నారు. ఊరట కలగాలి కదా? నాకు ఒళ్ళు మండింది. అన్ని పరీక్షలు చేయించుకున్నాను, ఆ మాట అప్పుడే అనొచ్చుగా.


రాత్రి_డ్యూటీ
ఆదివారం, ఉదయం 7:15

గుడ్లు మాత్రం మానిపించకండి! చాలా ఇళ్ళలో లివర్ జబ్బనగానే పప్పు, గుడ్లు ఆపేసి గంజి పోస్తారు. ఉన్న కండ కూడా పోతుంది. కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి, పాలు అటుకులు, ఇడ్లీ, ఏదైనా. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. ఉప్పు అన్నీ కలిపి రోజుకి ఒక టీస్పూను. కోనసీమ కాబట్టి అడుగుతున్నా, ఆవకాయ జాడీ ఎక్కడుంది?

ఇకమీదట మీరు కనిపెట్టుకోవాల్సినవి. మలం నల్లగా తారులా వచ్చినా, రక్తం కక్కినా వెంటనే ఆసుపత్రికి. జ్వరం, పొట్టనొప్పి వస్తే పొట్టలో నీటికి ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు, ఆ రోజే చూపించాలి. పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబాటు, చేతిరాత మారడం ఇవి అమ్మోనియా లాంటి విషపదార్థాలు మెదడుకి చేరడం వల్ల. ఆయన మాస్టారు కదా, రోజూ ఒక లైను రాయమనండి, తేడా మీకే తెలిసిపోతుంది. వాటిని బయటికి పంపే లాక్టులోజ్ సిరప్‌ని రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా సర్దుకోవాలి. 'మోషన్స్ అవుతున్నాయి' అని ఇంట్లోవాళ్ళు దాన్ని ఆపేస్తారు, రెండ్రోజుల్లో మనిషి మత్తులోకి వెళ్ళిపోతారు. మేం వారంవారం చూసేది ఇదే.

పొట్టలో నీళ్ళు తీసేటప్పుడు ఐదు లీటర్లు దాటితే తీసిన ప్రతి లీటరుకీ ఎనిమిది గ్రాముల చొప్పున ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) ఎక్కించాలి. ఖరీదెక్కువని కొన్నిచోట్ల వదిలేస్తారు. అడిగి వేయించండి.

పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) అంటే క్యాన్సర్‌కే అనుకోకండి. మీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంటే ఇప్పుడే పరిచయం చేసుకోండి. దురద, కండరాలు పట్టేయడం, ఆయాసం, నిద్ర, అన్నిటికీ వాళ్ళ దగ్గర ఉపాయాలుంటాయి. ఆఖరి వారంలో పిలిస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.


ఫ్రిస్కో_తెలుగు
ఆదివారం, రాత్రి 9:50

మీ అన్నయ్య వైపు నుంచి రెండు ముక్కలు. మాదీ డల్లాస్ వైపే. అమ్మ గుంటూరులో, హార్ట్ ఫెయిల్యూర్, మార్పిడికి తీసుకోలేదు.

దూరంగా ఉన్నవాడికి చేయడానికి పనేమీ ఉండదు. అందుకే వెతుకుతాం. రాత్రి రెండింటికి కూర్చుని రీసెర్చి పేపర్లు చదివి, పొద్దున్నే చెల్లికి ఫోన్ చేసి 'ఇది అడిగావా, అది అడిగావా' అంటాం. ఆమె ఆ రోజంతా మలమూత్రాలు ఎత్తి ఉంటుంది. నన్ను ఒకసారి మా చెల్లి 'నువ్వు అమ్మకి డాక్టరువా, నాకు బాసువా' అంది.

మాకు పనికొచ్చిన ఏర్పాటు చెప్తాను. డాక్టర్లతో మాట్లాడేది చెల్లి ఒక్కతే. డబ్బు, ఇన్సూరెన్సు, మంచం, ఆక్సిజన్ మిషను అద్దె, రాత్రి కేర్‌టేకర్ జీతం నా పని. ఇండియాలో రాత్రి అయితే నాకు పగలు కాబట్టి, అమ్మకి నిద్రపట్టనప్పుడు వీడియోలో నేనుంటాను. మాట్లాడాల్సిన పని లేదు, ఆమె మంచం పక్కన ఫోను, ఇక్కడ నా ఆఫీసు పని. చెల్లి పక్క గదిలో పడుకునేది.

సెలవు విషయం కూడా. అందరూ 'సీరియస్ అయ్యాక' వస్తారు. మీ అన్నయ్యని ఇప్పుడు రమ్మనండి, ఆయన తిరుగుతూ మాట్లాడుతున్నప్పుడు.


గౌతమి_తీరం
సోమవారం, ఉదయం 8:05

ఆవకాయ జాడీ అటక మీదకి పోయింది. నాన్న దాని మీద రోజూ వాదిస్తున్నారు.

అన్నయ్యకి మీ పోస్టు పంపించాను. టికెట్ చూస్తున్నాడు.

ఒకటి అడగాలి. నాన్న నిన్న అన్నారు, 'ఆఖర్న నన్ను వెంటిలేటర్ మీద పెట్టొద్దు, కాగితం మీద రాసిస్తా' అని. అలా రాస్తే చెల్లుతుందా?


వరంగల్_వాసు
సోమవారం, ఉదయం 11:30

చెల్లుతుంది. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, అప్పుడు మేజిస్ట్రేటు సంతకం కావాలనేవారు, ఎవరూ చేయలేకపోయారు. 2023 జనవరిలో సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధ్రువీకరిస్తే చాలు. తనకి స్పృహ లేనప్పుడు ఎవరి మాట వినాలో కూడా అందులో పేరు రాయాలి. మాస్టారి శిష్యుల్లో గెజిటెడ్ ఆఫీసర్లు ఎంతమందో ఉంటారు, వెతుక్కునే పనే లేదు. ఒక కాపీ ఆసుపత్రి ఫైల్లో పెట్టించండి, ఒకటి మీ అన్నయ్యకి. ఆయనకి ముందే తెలియాలి. లేకపోతే ఆఖరి నిమిషంలో ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి 'పెట్టండి' అంటాడు.


శాంతమ్మ_నరసాపురం
సోమవారం, మధ్యాహ్నం 12:10

అమ్మతో మాట్లాడుతున్నారా మాస్టారు?


గౌతమి_తీరం
సోమవారం, మధ్యాహ్నం 12:40

మాట్లాడుతున్నారండీ. పోట్లాడుతున్నారు కూడా, ఆవకాయ మీద. అమ్మ బీపీ మాత్రలు ఇప్పుడు నేనే ఇస్తున్నాను.

అన్నయ్య వచ్చాక అందరం అన్నవరం వెళ్ళాలని అమ్మ కోరిక. వ్రతం చేయించుకోవాలని. నాన్నని అంత దూరం తీసుకెళ్ళొచ్చా?


రాత్రి_డ్యూటీ
మంగళవారం, తెల్లవారుజాము 5:10

మీ డాక్టరు సరేనంటే వెళ్ళండి. నీళ్ళు తీయించిన మరుసటి రోజు కాకుండా, ఒకరోజు ఆగి వెళ్తే నీరసం ఉండదు. కారులోనే వెళ్ళండి, కొండ మీద దాకా ఘాట్ రోడ్డుంది, మెట్లెక్కే పని లేదు. లాక్టులోజ్ ప్రయాణం కోసం మానొద్దు, ఆ పూట డోసు చేరాక ఇచ్చేలా జరపండి, దారిలో బాత్రూములు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. మందుల చీటీ, చివరి రిపోర్టు కారులో ఉండాలి.


శాంతమ్మ_నరసాపురం
మంగళవారం, ఉదయం 6:30

కార్తీకమాసంలో వద్దు, ఏకాదశి రోజు అసలే వద్దు, కాలు పెట్టే సందుండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. వ్రతానికి కింద కూర్చోలేకపోతే కుర్చీ అడగండి, పెద్దవాళ్ళకి కాదనరు. ప్రసాదం బాగా తీపి, ఆయనకి షుగరు కదా, చిటికెడు పెట్టి మిగతాది మీ అన్నయ్యకి ఇవ్వండి. అమెరికాలో ఎక్కడ దొరుకుతుంది పాపం.